అక్క హోటల్లో విమానాల టీవీ

శంషాబాద్‌లో ఒక కార్గో ఆఫీసులో పనిచేసిన రోజుల్లో నా పొద్దుటి టిఫినూ మధ్యాహ్నం భోజనమూ అక్క దగ్గరే. అక్క నాకు చుట్టమేమీ కాదు. ఎయిర్‌పోర్టు వైపు తిరిగే దారిలో, పెట్రోలు బంకు వెనక, రేకుల షెడ్డులో హోటల్ నడిపేది. నేను షాద్‌నగర్ నుంచి బస్సెక్కి వచ్చేదాన్ని. దిగేసరికి ఆకలితో కళ్ళు తిరుగుతుండేవి. మొదటి వారంలోనే ఆమె నన్ను చెల్లె అంది, నేను ఆమెను అక్కా అన్నాను.

అక్క గిరాకీలో ఎక్కువమంది క్యాబ్ డ్రైవర్లు. విమానం దిగేదాకా ఎయిర్‌పోర్టు లోపల బండి ఆపుకుని కూర్చోవడం వాళ్ళకు కుదరదు. ఇలాంటి చోట ఆగి, సరిగ్గా విమానం దిగే వేళకు బయల్దేరాలి. ముందు పోతే లోపల గార్డు తరుముతాడు, ఆలస్యంగా పోతే ప్యాసింజరు తిడతాడు. అప్పటికి వాళ్ళలో చాలామంది చేతుల్లో బటన్ల ఫోన్లే. అందుకని ప్రతివాడూ ఒక చేత్తో దోసె తింటూ ఇంకో చేత్తో ఎవరికో ఫోన్ చేసి దుబాయ్ దిగిందా అని అడిగేవాడు. అటువైపు మాట్లాడేవాడు కూడా ఇంకో హోటల్లో దోసె తింటూ ఉండేవాడు.

ఇదంతా చూసి నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆఫీసులో నా పని బిల్లులు టైపు చెయ్యడమే కానీ, అంతకుముందు అమీర్‌పేటలో, కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద కోర్సు చేశాను. ఆ చదువు ఎవరికీ అక్కర్లేకుండా నా దగ్గరే పడి ఉంది. దాన్ని మర్చిపోకుండా ఉండడానికి చిన్న ఆర్మ్ బోర్డు ఒకటి కొనుక్కున్నాను. ఫోన్లలో ఉండే రకం చిప్పుతో, అరచేతిలో పట్టేంత కంప్యూటర్. హోటల్లో అక్క పాత లావు టీవీ ఉంది. బోర్డును ఆ టీవీ పసుపు పిన్నుకు తగిలించి, నెట్ డాంగిల్ గుచ్చి, ఒక ప్రోగ్రాం రాశాను. అది కాసేపటికోసారి ఎయిర్‌పోర్టు వెబ్‌సైటు తెరిచి, రావలసిన విమానాల వరస తెచ్చి పెద్ద అక్షరాల్లో చూపించేది. దిగినవి ఆకుపచ్చ, రాబోయేవి పసుపు, ఆలస్యమైనవి ఎరుపు.

డ్రైవర్లు సంతోషించారు. అందరికంటే ఎక్కువ సంతోషించింది మాత్రం బాపు.

బాపు అక్కకు మామగారు. మేమందరం ఆయన్ను బాపు అనే పిలిచేవాళ్ళం. ఎయిర్‌పోర్టు వచ్చిన చోట ఆయనకు ఒకప్పుడు చేను ఉండేది. అందువల్ల అక్కడ దిగే ప్రతి విమానం మీదా తనకు కొంత అధికారం ఉందని ఆయన నమ్మకం. టీవీ కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, తలపాగా సర్దుకుని, విమానాల వార్తలు చెప్పడం ఆయన పనైపోయింది. ఇంగ్లీషు రాదు. రంగు చూసి సంగతి చెప్పేవాడు. ఊరి పేరును మొదటి అక్షరం రూపంతో పట్టేవాడు. చెన్నై ఆయన లెక్కలో నెలవంక, దుబాయ్ బొజ్జ. ఢిల్లీకి కూడా అదే బొజ్జ ఉండడం వల్ల కొన్ని గొడవలయ్యాయి కానీ, డ్రైవర్లు మెల్లగా అలవాటుపడ్డారు. బాపు 'బొజ్జది దిగింది' అనగానే ఇద్దరు లేచి టీవీ వైపు చూసి, ఒకడు మళ్ళీ కూర్చునేవాడు.

అలా ఏడాది పైగా నడిచింది. రెండువేల పద్నాలుగు ఎండాకాలంలో కష్టం మొదలైంది. వెబ్‌సైటు వాళ్ళు భద్రత కోసమని తలుపుకు కొత్త రకం తాళం వేశారు. నా బోర్డులో ఉన్న పాత లినక్స్‌కు ఆ కొత్త తాళం తెరవడం రాలేదు. టీవీ మీద నిన్నటి విమానాలే నిలబడిపోయాయి. దానికి తోడు డాంగిల్ కూడా వేడెక్కినప్పుడల్లా ఆగిపోతోంది. వెతికి చూస్తే అది పాత కెర్నల్‌లో ఉన్న లోపమట, కొత్తదాంట్లో సరిచేశారట. అంటే లినక్స్ మొత్తాన్నీ, దాని అడుగున ఉండే కెర్నల్‌తో సహా కొత్త వెర్షన్‌కు మార్చాలి.

ఈ సంగతి అక్కకు చెప్పాల్సి వచ్చింది. ఆ పని జరుగుతున్నంతసేపూ టీవీ నా చేతిలో ఉండాలి మరి. కెర్నల్ అంటే ఏమిటని అడిగింది. ఇంటికి పునాదిలాంటిది, ఇప్పుడు ఇల్లంతా కొత్తగా కట్టి పునాది కూడా మార్చాలి, సామానూ మనుషులూ లోపలుండగానే, అని చెప్పాను. అక్క అట్లకాడ పెనం మీద ఆపి నావైపు చూసింది.

"ఖాళీ చెయ్యకుండ పునాది ఎట్ల మారుస్తవ్ చెల్లె?"

అందరూ అట్లానే మారుస్తారక్కా అన్నాను. ఆమెకు నమ్మకం కుదరలేదు. కానీ ఆదివారం మధ్యాహ్నం గిరాకీ తక్కువ, అప్పుడు చేసుకొమ్మంది.

నేను ఒళ్ళు దగ్గర పెట్టుకునే పనికి దిగాను. బోర్డులో అంతా ఒక చిన్న మెమరీ కార్డు మీదే ఉంటుంది. శనివారం ఆ కార్డుకు పూర్తి నకలు తీసి ఆఫీసు కంప్యూటర్లో పెట్టాను. ఏదైనా తేడా వస్తే ఎక్కించడానికి అదే సైజు కార్డు ఇంకొకటి కొన్నాను. కోర్సులో మా సారు నకలు తియ్యకుండా అప్‌గ్రేడ్ చేసేవాళ్ళను ఎంతగా తిట్టేవాడో గుర్తు తెచ్చుకుని, ఆయన చూస్తే మెచ్చుకుంటాడని కూడా అనుకున్నాను.

ఆదివారం కీబోర్డు తగిలించి అప్‌గ్రేడ్ మొదలుపెట్టాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వరసలు వరసలుగా కిందికి జారిపోతున్నాయి. గిరాకీ తక్కువ ఉంటుందన్న మాటేగానీ, టీవీలో కొత్త తమాషా ఉందని తెలిసి బంకు దగ్గరున్న డ్రైవర్లు కూడా లోపలికి వచ్చారు. వాళ్ళలో పెద్ద మీసాల అన్న ఒకాయన ఉండేవాడు. ఎక్కువగా విదేశాల ప్యాసింజర్లను తెచ్చేవాడు కాబట్టి తనకు ఇంగ్లీషు వచ్చని పేరు. ఆయన చాయ్ పట్టుకుని ముందు బెంచీలో కూర్చుని, జారిపోయే వరసల్లో దొరికిన మాటల్ని దొరికినట్టు పైకి చదివి మిగతావాళ్ళకు అర్థం చెబుతున్నాడు. ఆయన చెప్పిన అర్థాల్లో ఎక్కువ భాగం ట్రాఫిక్ పోలీసులకు సంబంధించినవి.

అప్‌గ్రేడ్ మధ్యమధ్యలో ఆగి ఒక ప్రశ్న అడుగుతుంది. ఈ ఫైలును నువ్వు ఎప్పుడో మార్చుకున్నావు, ఇప్పుడు మా దగ్గర కొత్తది వచ్చింది, నీ పాతదే ఉంచమంటావా, కొత్తది పెట్టమంటావా అని. మొదటిసారి అడిగినప్పుడు నేను ఆలోచిస్తుంటే ఏమంటుంది చెల్లె అని అక్క అడిగింది. చెప్పాను. ఆ ప్రశ్న హోటల్లో అందరికీ అర్థమైంది. అదే వచ్చిన చిక్కు.

కొత్తది ఊరికే ఇస్తుంటే పాతది ఎందుకు ఉంచుకోవాలని అక్క అంది. పాతది ఏం పాపం చేసిందని బాపు అన్నాడు. డ్రైవర్లు రెండు వర్గాలయ్యారు. మొదటి రెండు మూడు ప్రశ్నలకు నేను ఎవరి మాటా వినకుండా ఫైలు తెరిచి, చూసి, జవాబిచ్చాను. కానీ ప్రశ్నలు ఆగలేదు. చాయ్‌లు తాగి, ప్లేట్లు కడిగి, మళ్ళీ వచ్చి చూసినా ఇంకో ప్రశ్న నిలబడి ఉండేది. మూడొంతులు అయ్యేసరికి నాకూ విసుగొచ్చింది. కొత్త వెర్షన్‌లో అన్నీ కొత్తవే ఉంటే నయమన్న అక్క మాటలో న్యాయం కనిపించింది. మిగిలిన వాటికి కొత్తది, కొత్తది అని కొట్టుకుంటూ పోయాను. బాపు మొహం తిప్పుకున్నాడు.

పని అయిపోయింది. ఇక ఒకసారి ఆపి మళ్ళీ వెలిగించాలి. వెలిగించాను. తెర మీద అక్షరాలు గబగబా పరిగెత్తి, ఒక్కసారి ఆగిపోయాయి. చివరి వరసను మీసాల అన్న కూడబలుక్కుని చదివాడు.

"కెర్నల్ పానిక్. మేడం, పానిక్ అంటే పరేషానే కదా?"

అవునన్నాను. కెర్నల్ అంటే పునాది అని అక్క ఇదివరకే అందరికీ చెప్పి ఉంది. కాబట్టి పునాది పరేషాన్ అయిందన్న వార్త క్షణంలో హోటల్ దాటి పెట్రోలు బంకుదాకా పోయింది. ఎందుకు పరేషాన్ అయింది అని అన్న మళ్ళీ అడిగాడు. తన సామాను కార్డులో ఏ భాగంలో ఉందో దానికి కనబడట్లేదు అన్నాను. అందరూ కొంచెం జాలిపడ్డారు. అక్క మాత్రం నా ముందు ఒక ప్లేటు మిర్చి బజ్జీ పెట్టి వెళ్ళింది. అది ఓదార్పో, ఇక టీవీ వదిలి తిను అనడమో నాకు తెలియలేదు.

సోమవారం ఆఫీసులో భోజనం వేళ ధీమాగా నకలు తెరిచి కొత్త కార్డుకు ఎక్కించబోయాను. పట్టదు అంది. రెండు కార్డుల మీదా ఒకే సైజు రాసి ఉంది. కానీ కొత్తది పాతదానికంటే రవ్వంత చిన్నదట. చొక్కా కొలతలన్నీ సరిపోయి బొత్తాం మాత్రం పట్టనట్టు. ఆ పూట మా సారు గురించి గౌరవంగా ఆలోచించలేకపోయాను.

ఈలోగా హోటల్లో టీవీ లేకుండా రోజు గడవాలి. బాపు ఆ బాధ్యత తీసుకున్నాడు. కుర్చీని షెడ్డు బయట వేసుకుని, కంటికి చెయ్యి అడ్డం పెట్టి, పైన పోయే ప్రతి విమానాన్నీ చూసి ఏ ఊరిదో చెప్పడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళుగా చూస్తున్నాడు, ఆయనకు తెలియదా అని అందరూ నమ్మారు. నేనూ నమ్మాను. పెద్దగా, తెల్లగా ఒకటి దిగుతుంటే ఇదే దుబాయ్‌ది అని బాపు చేయి చాచి చూపించాడు. మీసాల అన్న సగం ఉతప్పం వదిలేసి పరిగెత్తాడు. దుబాయ్ ప్యాసింజరు పేరు రాసిన అట్ట పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. బయటికి వచ్చినవాళ్ళు ఢిల్లీ నుంచి వచ్చిన పెళ్ళివారు. పెట్టెలూ బుట్టలూ ఆయన చేతుల్లో పెట్టి, బస్సు ఎక్కడుందని అడిగారు. ఆయన వాళ్ళను వదిలించుకుని, మళ్ళీ తిరిగొచ్చి, చల్లారిన ఉతప్పం ముందు కూర్చుని బాపుని నిదానంగా అడిగాడు.

"బాపూ, గది దుబాయ్‌దని ఎట్ల చెప్పినవ్?"

"గంత పెద్దగున్నది. ఇంకేడికెల్లి వస్తది?" అన్నాడు బాపు.

మర్నాటి నుంచి బాపు పైకి చూసి ఏది చెప్పినా డ్రైవర్లు మర్యాదగా తలూపేవాళ్ళు గానీ ప్లేటు వదిలేవాళ్ళు కాదు.

నకలు మొత్తం ఎక్కకపోయినా, దాంట్లోంచి కావలసిన ఫైలు ఒకటి బయటికి తియ్యొచ్చని నాకు మెల్లగా తట్టింది. సామాను ఏ భాగంలో ఉందో కెర్నల్‌కు చెప్పే ఫైలును, నేను కొత్తదనం మోజులో మార్పించిన దాన్ని, నకలులోంచి తీసి పాత కార్డులో పెట్టాను. సాయంత్రం హోటల్లో బోర్డు వెలిగింది. కొత్త కెర్నల్ లేచి నిలబడింది. చప్పట్లు కొట్టబోయి అందరూ ఆగిపోయారు. తెర మీద బొమ్మ నలుపూ తెలుపూ అయిపోయింది, పైగా కిందినుంచి పైకి తిరుగుతోంది. టీవీకి బొమ్మ ఏ పద్ధతిలో పంపాలో చెప్పే ఫైలు కూడా కొత్తదే పెట్టాను. ఆ కొత్త ఫైలు మన దేశపు టీవీ పద్ధతిలో కాక అమెరికా పద్ధతిలో పంపుతోంది.

బాపు ఆ తెరను చాలాసేపు చూశాడు. దిగినదీ బూడిద రంగే, రానిదీ బూడిద రంగే. ఆయనకు ఎంత కష్టంగా ఉందో మొహం చూస్తే తెలిసేది. తాను పాతదే ఉంచమన్నానని మాత్రం అనలేదు. అక్క వైపు చూశాడు. అక్క ఉల్లిపాయలు తరగడంలో మునిగిపోయింది.

ఆ ఫైలు కూడా నకలులోంచి తెచ్చి పెట్టాను. రంగులు వచ్చాయి, బొమ్మ నిలబడింది. కానీ విమానాలు లేవు. పై మూలలో తేదీ మాత్రం పంతొమ్మిది వందల డెబ్బై, జనవరి ఒకటి, తెల్లవారుజాము ఐదున్నర అని ఉంది. ఈ బోర్డులో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు తీస్తే టైము మర్చిపోతుంది. కంప్యూటర్లు ఎక్కడినుంచి కాలాన్ని లెక్కపెడతాయో అక్కడికి, డెబ్బైకి వెళ్ళి కూర్చుంటుంది. పాత లినక్స్‌లో ఆఖరుసారి చూసిన టైమును గుర్తుపెట్టుకునే చిన్న ప్రోగ్రాం ఉండేది, అప్‌గ్రేడ్‌లో అది తుడిచిపెట్టుకుపోయింది. వెబ్‌సైటు తాళానికి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా చెల్లుతుందని తేదీ ఉంటుంది. డెబ్బైలో ఉన్నవాడు వచ్చి తలుపు తట్టేసరికి, నా తాళం ఇంకా తయారే కాలేదు, తరవాత రమ్మని అది తిప్పి పంపేస్తోంది.

బాపు ఆ తేదీని నాచేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాడు. డెబ్బై అనగానే మొహం విప్పారింది. అప్పటికి తనకు ఇంకా లగ్గం కాలేదన్నాడు. హిమాయత్ సాగర్ దాకా సైకిల్ మీద చేపలకు పోయేవాణ్ణన్నాడు. ఆ వేళకు, తెల్లవారుజాము ఐదున్నరకు, ఏం చేస్తుండేవాడో వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు. డ్రైవర్లు విమానాల సంగతి మర్చిపోయి వినడం మొదలుపెట్టారు. నేను పక్కన కూర్చుని, ముందు నెట్ నుంచి సరైన టైము అడిగి తెచ్చుకున్నాకే వెబ్‌సైటు తలుపు తట్టమని ప్రోగ్రాంలో రాసుకుంటున్నాను. సరిగ్గా చేప గాలానికి పడే చోట తెర మీద డెబ్బై మాయమై, ఆనాటి తేదీ వచ్చి, కింద రంగురంగుల విమానాలు బారులు తీరాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక డ్రైవరు, జర ఆగరాదు మేడం అని విసుక్కున్నాడు కూడా.

కొత్త కెర్నల్ మంచిదే. ఎంత ఎండకూ డాంగిల్ ఆగిపోలేదు. కానీ నేను ఊహించని లాభం వేరే ఒకటి దొరికింది. పాత వెర్షన్‌లో తెలుగు రాస్తే వత్తులు ఒకచోట, గుడులు ఒకచోట చెదిరిపోయి, చదవబోయేవాళ్ళకు తలనొప్పి తెప్పించేవి. అందుకే మొదట్లో ఇంగ్లీషులో పెట్టాను. ఇప్పుడు ఊరికే 'అక్క హోటల్' అని కొట్టి చూశాను. క కింద క వత్తు బుద్ధిగా వెళ్ళి కూర్చుంది. అక్క పొయ్యి దగ్గర్నుంచి వచ్చి, చేయి కొంగుకు తుడుచుకుని, తెర మీద తన హోటల్‌ను వేలితో తాకి చూసింది. ఇగ అన్నీ తెలుగుల పెట్టు అంది.

ఊళ్ళ పేర్లతో ఇబ్బంది లేదు. మిగతా మాటల దగ్గర పంచాయితీ పెట్టాల్సి వచ్చింది. నేను పుస్తకాల భాషలో ఆలస్యము, రద్దు అని రాసి తెచ్చాను. విమానం నేల మీద వాలిందని చెప్పడానికి ఒక పెద్ద సంస్కృతపు మాట కూడా రాశాను. అక్క విని, దిగింది అంటే సరిపోదా అని అడిగింది. సరిపోయింది. ఆలస్యం లేటు అయింది. రద్దుకు రాదు అని రాయమని బాపు చెప్పాడు, ఒక్కరూ కాదనలేదు. వేరే ఊరికి మళ్ళించిన విమానం దగ్గర అందరం ఇరుక్కున్నాం. తప్పిపోయింది అని రాయమన్నాడు బాపు. మీసాల అన్న వెంటనే గ్లాసు కింద పెట్టాడు.

"గట్ల రాస్తే ఇంటోళ్ళు దవాఖానల పడ్తరు బాపూ."

చివరికి వేరే ఊరు అని రాశాం.

టీవీ తెలుగైన మొదటి రోజు పొద్దున నేను ఆఫీసుకు పోకుండా కాసేపు కూర్చున్నాను. బాపు ఇందుకోసం కొత్తగా చేయించుకున్న కళ్ళద్దాలు తుడుచుకుని కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాడు. చిన్నప్పుడు బడిలో నేర్చుకున్న అక్షరాలు ఇప్పుడు అక్కరకొచ్చాయి. ఇక రంగు చూసి చెప్పడం ఆయనకు చిన్నతనంగా తోచింది. మొదటి వరస ఆకుపచ్చగా మెరిసింది. బాపు కొ అన్నాడు. సున్నా దగ్గర ఆగి, లం అన్నాడు. వెనక బెంచీలో ఉన్న డ్రైవరు టీవీ వైపు ఒక్క చూపు చూసి, చేయి కడుక్కుని, బండి తీసుకుని వెళ్ళిపోయాడు. అక్క అతని ప్లేటు తీసి బెంచీ తుడిచింది. బో దగ్గర బాపుకు కొంచెం ఆలస్యమైంది. తరవాత దిగింది అన్న మాటను అక్షరం అక్షరంగా పట్టుకుని, అంతా కలిపి 'కొలంబో దిగింది' అని హోటలంతా వినబడేలా ప్రకటించాడు.

"వాడు ఎప్పుడో పోయిండు మామా," అంది అక్క.

"పోతే పోనీ. చదివేటిది పూర్తిగ చదవాలె గద," అని బాపు రెండో వరస మీద వేలు పెట్టాడు.